పెళ్లిపెద్ద పట్టుపంచె

బసవపున్నయ్య పెదనాన్న మా ఎమర్జెన్సీ వార్డులోకి తన కాళ్ల మీద తాను నడిచి వచ్చాడు. మమ్మల్నందర్నీ మోసం చేసింది అదే. స్ట్రెచర్ మీద కేకలు పెడుతూ వచ్చేవాళ్లని చూస్తే మాకు పెద్దగా కంగారు పుట్టదు. కేక పెట్టాలంటే ఊపిరి ఆడాలి, ఊపిరి ఆడుతోందంటే సగం భయం తీరినట్టే. నవ్వుతూ నడిచొచ్చేవాళ్లని మాత్రం నమ్మొద్దని ఉద్యోగంలో చేరిన మొదటి వారమే మా ఇన్‌ఛార్జి డయానా సిస్టర్ నాకు చెప్పింది. కొత్తగా చేరే నర్సులకి ఆరేళ్లుగా నేనూ అదే చెబుతున్నాను. చెప్పడం వేరు, సొంత ఊరి పెద్దమనిషి పట్టుపంచె కట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడటం వేరు.

నా పేరు ఉషశ్రీ. మాది చల్లపల్లి దగ్గర చిన్న పల్లెటూరు. బసవపున్నయ్య గారు మాకు చుట్టం కాదు, ఊరి వరసన పెదనాన్న. మా ఊళ్లో ఏ సంబంధం కుదరాలన్నా, ఏ గట్టు తగాదా తీరాలన్నా ఆయన కుర్చీ వేసుకుని కూర్చోవాల్సిందే. నేను నర్సింగులో చేరతానన్నప్పుడు ఎవరూ పిలవకుండానే మా వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. బంగారంలాంటి పిల్లని మంచాల కింద బేసిన్లు ఎత్తడానికి పంపిస్తావా అని మా నాన్నని గంటసేపు నిలదీశాడు. నాన్న అన్నింటికీ తల ఊపి, మర్నాడు నన్ను తీసుకెళ్లి కాలేజీలో చేర్పించాడు. ఆ బేసిన్ల మాట నేను మరిచిపోలేదు. అలాంటివి మరిచిపోయే రకం కాదు నేను. ఈయన ఎప్పటికైనా నా చేతికి చిక్కకపోతాడా అని అనుకున్న మాట కూడా నిజమే.

మాఘమాసంలో ఒక ఆదివారం, పొద్దున్న తొమ్మిదిన్నరకి చిక్కాడు.

ఆరోజు వాళ్ల తమ్ముడి కూతురు అక్షయ పెళ్లి. మగపెళ్లివారిది ఇబ్రహీంపట్నం, పెళ్లి అక్కడే, ముహూర్తం పదకొండూ ఇరవైకి. సంబంధం వెతికిన దగ్గర్నుంచి వంటవాళ్లని మాట్లాడేదాకా అంతా పెదనాన్న చేతి మీదుగానే నడిచింది. కారులో బయల్దేరి విజయవాడ చేరగానే పూలదండల కోసం ఆగారట. ఈయన దిగి రోడ్డు దాటుతుంటే ఎడమ పక్కనుంచి ఒక బైకు వచ్చి గుద్దింది. వెళ్లి డివైడర్ అంచు మీద పడ్డాడు. లేచి, పంచె దులుపుకుని, బైకు అతనికి రోడ్డు మీద ఎలా నడపాలో ఐదు నిమిషాలు పాఠం చెప్పి, దండలు బేరమాడి కొని, అప్పుడు కారెక్కాడు. మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం కారుతుంటే, కారు నడుపుతున్న మేనల్లుడు చక్రి ఆయన మాట వినకుండా మా ఆస్పత్రి ముందు ఆపాడు. వెంట ఆయన భార్య బుల్లెమ్మ పెద్దమ్మ కూడా ఉంది.

నన్ను చూడగానే పెదనాన్న మొహం విప్పారింది. "నర్సమ్మా, నువ్విక్కడా? మంచిదే. ఈ మోచేతికి కాస్త గుడ్డ చుట్టి పంపించు తల్లీ. అవతల ముహూర్తం దాటిపోద్ది" అన్నాడు.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో నాకు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కంటికి కనబడే గాయాన్ని పక్కన పెట్టి, ఏది గుద్దింది, ఏ పక్క గుద్దింది, ఎక్కడ పడ్డాడు అని అడగాలి. మనిషిని పడుకోబెట్టాలి. ఒంటి మీద బట్టలన్నీ తీసి ముందూ వెనకా చూడాలి, తియ్యడం కుదరకపోతే కత్తెరతో కొయ్యాలి. ఆ నెలలోనే కాలేజీ కుర్రాళ్ల జీన్సు ప్యాంట్లు డజనుకి పైగా కోశాను. ఒక్కరినీ అనుమతి అడగలేదు. కొత్త ప్యాంటు అక్కా అని ఏడ్చినవాడికి, కొత్త కాలు దొరకదురా అని చెప్పి మరీ కోశాను.

పెదనాన్నకి మాత్రం కుర్చీ తెచ్చి వేశాను. కూర్చోండి పెదనాన్నా అన్నాను. మంచం మీద పడుకోమని అడిగితే, పెళ్లికి పోతూ ఆస్పత్రి మంచం ఎక్కడం ఏం శకునమని కసిరాడు. సరేనన్నాను. మంగళగిరి పట్టుపంచె, గంజి పెట్టిన తెల్లచొక్కా, భుజం మీద జరీ కండువా. ఆ మనిషిని చొక్కా విప్పమనడానికి కూడా నాకు నోరు రాలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి మోచెయ్యి కడిగాను. అంతే.

కేసు షీటు తీసి, బీపీ గానీ షుగరు గానీ ఉందా, మందులేమైనా వాడుతున్నారా అని అడిగాను. ఆ ప్రశ్నకోసమే కాచుకుని ఉన్నట్టు ఆయన వెన్ను నిటారు చేశాడు. డెబ్బై రెండేళ్లొచ్చాయని, ఇంతవరకు మాత్ర అన్నది నాలిక మీద పెట్టలేదని, మూడు తరాలుగా వాళ్ల ఇంట్లో బీపీ షుగర్ల మాటే లేదని చెప్పాడు. పక్క మంచాలవాళ్లు కూడా తలలు తిప్పి ఆ అదృష్టవంతుణ్ని చూశారు. చక్రి అవునన్నట్టు తలాడించాడు. బుల్లెమ్మ పెద్దమ్మ గాజులు సర్దుకుంది. నేను షీటులో ఏ మందులూ లేవని రాశాను.

బీపీ నూట పన్నెండు ఉంది. నాడి అరవై ఎనిమిది. మా డ్యూటీ డాక్టరు సిద్ధార్థ వచ్చి చూసి, ఈ వయసులో ఈ అంకెలు తనకి కూడా ఉంటాయో లేదోనని నవ్వి, అవతల తల పగిలి వచ్చిన ఇంకో పేషెంటు దగ్గరికి పరిగెత్తాడు. పెదనాన్న నావైపు గర్వంగా చూశాడు. నాకు ఒళ్లు మండింది. అంత మంట మీద కూడా మర్యాద మానలేదు చూడండి, అదీ మా పెంపకం.

కట్టు కట్టడం పూర్తయింది. లేవబోతూ ఆయన ఎడమ భుజం పట్టుకుని మొహం చిట్లించాడు. ఏమైందంటే కండువా బరువన్నాడు. జరీ కండువా బరువుకి భుజం లాగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. మళ్లీ కూర్చోబెట్టి బీపీ చూస్తే నూట ఆరు. నాడి డెబ్బై. అంకెలు చూస్తే ఫరవాలేదు. కానీ చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది, పైపెదవి మీద సన్నగా చెమట పట్టింది. గొంతు ఎండుతోంది, మంచినీళ్లివ్వమన్నాడు. ఆపరేషన్ అవసరం రావచ్చన్న అనుమానం ఉన్నప్పుడు చుక్క నీరు కూడా పొయ్యకూడదు కాబట్టి ఇప్పుడు కాదన్నాను. దండలు కారులో ఎండలో పెట్టలేదు కదా అని చక్రిని అడిగాడు. లేదు మామయ్యా అన్నాడు చక్రి. రెండు నిమిషాలు కూడా కాకుండా మళ్లీ అదే అడిగాడు.

అప్పుడు భయం వేసింది నాకు. మా ఊరి ఆయకట్టు లెక్కలన్నీ నోటితో చెప్పే మనిషి ఒకే ప్రశ్న రెండుసార్లు అడగడు. గోడ గడియారం చూశాను. ఆయన వచ్చి పదిహేను నిమిషాలైంది. ఆ పదిహేను నిమిషాలూ నేను ఆయన పంచెకి మర్యాద చేస్తూ కూర్చున్నాను.

చక్రినీ పెద్దమ్మనీ కర్టెన్ బయటికి పంపాను. వార్డు బాయ్ సాయంతో పెదనాన్నని మంచం మీదికి ఎక్కించి చొక్కా గుండీలు విప్పాను. ఎడమవైపు చివరి పక్కటెముకల మీద, డివైడర్ అంచు తగిలినంత మేర, చర్మం నల్లగా కమిలిపోయి ఉంది. అక్కడే లోపల ప్లీహం ఉంటుంది. దానికి దెబ్బ తగిలి రక్తం కారితే నొప్పి ఒక్కోసారి కడుపులో కాకుండా ఎడమ భుజంలో తెలుస్తుంది. కండువా బరువు సంగతి అర్థమైంది. డాక్టర్ని కేక వేసి, జేబులోంచి కత్తెర తీశాను.

పెదనాన్న రెండు చేతులతో రొంటి దగ్గర పంచె గట్టిగా బిగించి పట్టుకున్నాడు. పాడుబుద్ధి పుట్టిందా నీకు అన్నాడు. బయటినుంచి బుల్లెమ్మ పెద్దమ్మ గొంతు వినిపించింది. "కొయ్యమాకు అమ్మాయ్, పెళ్లిరోజున పట్టుబట్ట మీద కత్తెర పెట్టకూడదు. నే వొచ్చి ఇప్పుతానుండు."

"పెదనాన్నా, చెయ్యి తియ్యి" అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనిపించింది. నా జన్మలో ఆయన్ని అలా ఏకవచనంలో పిలవలేదు. ఆయన తెల్లబోయి చేతులు వదిలాడు. పంచె అంచు దగ్గర కత్తెర పెట్టి నడుము దాకా ఒక్కటే కోత కోశాను.

రొంటిలోంచి చిన్న కాగితం పొట్లం మంచం మీద పడింది. విప్పి చూస్తే సగం వాడిన మాత్రల అట్ట. అటెనలాల్. రోజూ మేం ఎంతోమందికి ఇచ్చే బీపీ మాత్రే. మాత్రన్నది నాలిక మీద పెట్టని మహానుభావుడు కళ్లు మూసుకున్నాడు.

సిగ్గుతో ఒళ్లు దాచుకుంటున్నాడని నేను అనుకున్నది ఇదన్నమాట. గొంతు తగ్గించి బతిమాలాడు. "మీ పెద్దమ్మకి చెప్పమాకు తల్లీ. మగపెళ్లివారికి అసలే తెలియకూడదు. మా ఇంటావంటా బీపీ లేదని చెప్పి కదా సంబంధం ఖాయం చేసింది." అవనిగడ్డలో తెలిసినవాళ్లు లేని మందుల షాపు చూసుకుని తొమ్మిదేళ్లుగా అక్కడే కొంటున్నాడట. ఆరోజు పొద్దున్న కూడా ఒకటి వేసుకున్నాడు. మాత్ర వేసుకున్నాక బీపీ ఎంత ఉంటుందని అడిగితే నూట యాభైకి తగ్గదన్నాడు.

డాక్టర్ సిద్ధార్థ వచ్చాడు. అట్ట చేతిలో పెట్టి, పొద్దున్న ఇది వేసుకున్నాడని, ఎప్పుడూ నూట యాభై ఉండే మనిషికి ఇప్పుడు నూట ఆరు ఉందని చెప్పాను. ఒంట్లో రక్తం తగ్గితే గుండె వేగం పెంచుకుని సర్దుకోవాలని చూస్తుంది. ఆ వేగం చూసే మేము ప్రమాదం పసిగడతాం. ఈ మాత్ర ఆ వేగాన్ని పెరగనివ్వదు. అందుకే డెబ్బై దగ్గర హాయిగా కొట్టుకుంటున్న నాడి మాకు అబద్ధం చెప్పింది. డాక్టరు మొహంలో నవ్వు పోయింది. పోర్టబుల్ స్కానింగ్ తెప్పించి ఎడమ పక్కటెముకల కింద పెట్టగానే తెర మీద నల్లటి చార కనిపించింది. రక్తం.

తర్వాతి పనులన్నీ చకచకా జరిగాయి. రెండు చేతులకీ లావు సూదులు పెట్టాం, రక్తం గ్రూపుకి పంపాం, ఒళ్లు చల్లబడకుండా దుప్పట్లు కప్పాం. సర్జన్ థియేటర్ సిద్ధం చెయ్యమన్నాడు. ఒక్క పెదనాన్నే సిద్ధంగా లేడు. సంతకం పెట్టనన్నాడు. మూడు ముళ్లు పడ్డాక తనే వచ్చి ఈ మంచం మీద పడుకుంటానని, అప్పుడు ఏది కోసుకున్నా అడగనని డాక్టరుకి రాజీ బేరం పెట్టాడు. గట్టు తగాదాలు తీర్చినట్టే తీర్చబోయాడు. డాక్టరు ఎంత చెప్పినా వినలేదు. స్పృహలో ఉన్న మనిషిని ఆయన ఒప్పుకోకుండా కొయ్యలేం. మానిటర్ మీద బీపీ తొంభై ఎనిమిదికి దిగింది.

నేను మంచం మీదికి వంగాను. ముహూర్తం మీ కోసం ఆగదు, లోపల కారే రక్తం కూడా ఆగదు పెదనాన్నా అన్నాను. ఆయన నావైపు తేరిపార చూశాడు.

"నిజం చెప్పు. ఇక్కడ మీ నాన్నే ఉంటే ఏం చేసేదానివి?"

"మా నాన్నయితే ఈపాటికి థియేటర్లో ఉండేవాడు. మిమ్మల్ని చూసి భయపడ్డాను. పెద్దవారు కదా, బట్టలు ఎలా తియ్యమనాలని పావుగంట పోనిచ్చాను. ఆ తప్పు నాది. ఇంకొక్క నిమిషం కూడా పోనివ్వలేను."

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పేషెంటు ముందు ఏడవకూడదని కూడా మాకు నేర్పుతారు. ఆయన చెయ్యి చాచి, కాయితం ఇటియ్యి అన్నాడు.

పదిన్నరకల్లా ఆయన్ని థియేటర్లోకి తీసుకెళ్లారు. దండలు తీసుకుని చక్రి ఇబ్రహీంపట్నం వెళ్లాడు. పెదనాన్న మోచెయ్యి కుట్లకి ఆగాడని అక్కడ చెప్పాలని, తాళి కట్టేదాకా అసలు మాట బయట పెట్టకూడదని పెద్దమ్మ అతనికి గట్టిగా చెప్పి పంపింది. నాకు డ్యూటీ మధ్యలో కాస్త వీలు దొరికితే వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. కోసేసిన పంచెని ఒళ్లో పెట్టుకుని రెండు ముక్కల్నీ అంచులు కలిపి మడుస్తోంది. రొంటిలో మాత్రలు ఉన్నాయా అమ్మాయ్ అని తనే అడిగింది.

మీకు తెలుసా పెద్దమ్మా అన్నాను.

"తొమ్మిదేళ్లనుంచి ఆయన పంచెలు ఉతికేది ఎవరనుకున్నావు? తడిస్తే పాడైపోతాయని తీసి, ఉతికి ఆరేసి, మడతపెట్టేటప్పుడు మళ్లీ అందులోనే పెడతాను. అయిపోవచ్చాయంటే అవనిగడ్డలో ఏదో పని చెప్పి పంపిస్తాను."

నేను అడిగినప్పుడే ఎందుకు చెప్పలేదని కోపంగానే అడిగాను. అంతమందిలో ఆయన మాట కాదని ఎట్లా అంటానంది. ఆ జవాబుకి నేను మండిపడాలి. ఎదుట ఉన్నది ఇంకొకరైతే ఖాయంగా మండిపడేదాన్ని. ఆయన పరువు కోసం ఆమె నోరు మూసుకుంది, ఆయన పరువు కోసమే నేను కత్తెర మూసుకున్నాను. ఏ మొహం పెట్టుకుని తిట్టను. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

పదకొండూ ఇరవైకి చక్రి వీడియో కాల్ చేశాడు. చిన్న తెరలో అక్షయా, పెళ్లికొడుకూ ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకుంటున్నారు. బుల్లెమ్మ పెద్దమ్మ కొంగు ముడి విప్పి అక్షింతలు తీసి సగం ఫోను మీద, సగం థియేటర్ తలుపు మీద వేసింది. కళ్లనిండా నీళ్లు, మొహం నిండా నవ్వు. హౌస్ కీపింగ్ ఆమె వచ్చి బియ్యం పోశారేంటని కేకలేస్తే, చీపురు నేనే తీసుకుని ఊడ్చాను. పన్నెండున్నరకి సర్జన్ బయటికొచ్చి, పగిలిన ప్లీహం తీసేశామని, రక్తం ఆగిందని, ఇంకో అరగంట గడిచి ఉంటే తను హామీ ఇవ్వలేకపోయేవాణ్నని చెప్పాడు.

ఐదో రోజున పెళ్లికొడుకు తండ్రి వెంకటసుబ్బారావు గారు కొత్త దంపతుల్ని వెంటబెట్టుకుని పరామర్శకి వచ్చారు. అరటిపళ్లు, బత్తాయిలు, కాజాలు అన్నీ వచ్చాయి. గది నిండిపోయింది. ఇద్దరికంటే ఎక్కువమంది ఉండకూడదని నేను అరవడానికి వెళ్లాను. పెదనాన్న దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, ఆ కాయితం తెచ్చి అందరి ముందూ మళ్లీ అడగమన్నాడు. ఏమిటన్నాను. బీపీ ఉందా లేదా అని అడుగు అన్నాడు.

అడిగాను. "ఉంది. తొమ్మిదేళ్లనుంచి ఉంది. రాసుకో" అన్నాడు గట్టిగా. తర్వాత వియ్యంకుడి వైపు తిరిగి, సంబంధం మాట్లాడేటప్పుడు అబద్ధం చెప్పానని, ఆ అబద్ధం తన ప్రాణం తియ్యబోయిందని, క్షమించమని అడిగాడు. అక్షయ పెళ్లికొడుకు వంక బిక్కుబిక్కుమని చూసింది. వెంకటసుబ్బారావు గారు కాస్త దగ్గి, కళ్లజోడు సర్దుకుని, తన చేతిలో ఉన్న కాజాని మెల్లగా డబ్బాలో తిరిగి పెట్టేశారు. తనకి పదేళ్లుగా షుగరుందని చెప్పారు. ముందు నవ్వింది బుల్లెమ్మ పెద్దమ్మ. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. కుట్లు లాగుతున్నా పెదనాన్న కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు.

వాళ్లంతా వెళ్లాక కుట్ల మీద కట్టు మార్చాను. మా తరఫున జరిగిన ఆలస్యం గురించి నేనే డయానా సిస్టర్‌కి రాసి ఇచ్చానని, ఆమె నన్ను రెండు రోజులు కొత్త నర్సులతో పాటు కూర్చోబెట్టి మొదటి పాఠం మళ్లీ చదివించిందని ఆయనకి చెప్పాను. చెప్పకపోయినా ఆయనకి తెలిసే అవకాశం లేదు. కానీ చెప్పాలనిపించింది. ఆరోజు గద్దించినందుకు ఏమీ అనుకోవద్దని కూడా అన్నాను.

ఆయన నా చేతిలోని కత్తెర వంక చూశాడు.

"అనుకోడానికేముంది. నువ్వు నాకు కుర్చీ వేసినంతసేపూ నా ప్రాణం పోతా ఉంది. రేపు మనూరి పెద్దమనిషి ఇంకెవడన్నా వొస్తాడు, నాకంటే బిగదీసుకుని వొస్తాడు. వాడికి ముందు పంచె కొయ్యి తల్లీ. దణ్ణం తర్వాత పెడుదువుగాని."